పేరు రాయని ప్రార్థన చీటీ

బళ్లారి నుంచి వచ్చిన దగ్గర్నుంచి కనబడినవాళ్లంతా హంపి ఎలా ఉందని అడుగుతున్నారు. రాతిరథం చాలా బాగుందని చెబుతున్నాను. నిజానికి నేను హంపి ఛాయలకు కూడా వెళ్లలేదు. వెళ్లేటప్పుడు ఇంట్లోనూ ఆఫీసులోనూ హంపికని చెప్పాను కాబట్టి, వచ్చాక ఆ అబద్ధాన్ని నిలబెట్టుకోవలసి వస్తోంది. మా ఆయనైతే ఫోటోలేవని రోజుకోసారి అడుగుతున్నాడు. ఇంక దాచడం నా వల్ల కాదు. ఎక్కడికి వెళ్లానో, అక్కడ ఏం చూశానో, ఏం చేశానో ఇక్కడ రాసేస్తున్నాను.

నాది సామర్లకోట దగ్గర ఒక పల్లె. అక్కడి గ్రంథాలయంలో పనిచేస్తాను. ఆమధ్య మాకొక కంప్యూటరు, నెట్ కనెక్షను వచ్చాయి. పేపరు కోసం వచ్చే పెద్దవాళ్లు దానివంక చూడరు గనుక మధ్యాహ్నం పూట అది నాదే. తెలుగులో బ్లాగులు రాసేవాళ్లు ఇంతమంది ఉన్నారని అప్పుడే తెలిసింది. వంటలు, పద్యాలు, పోట్లాటలు, అన్నీ చదివేదాన్ని. అలా తిరుగుతూ ఒకరోజు 'మా బడి దారి' అనే బ్లాగు దగ్గర ఆగిపోయాను.

రాసేవాళ్ల పేర్లు అందులో ఉండవు. బళ్లారి జిల్లాలో దోణిమలై వైపు వెళ్లే రోడ్డు పక్కన ఒక తెలుగు బడి. కొండల్లో ఇనుపరాయి తవ్వి, లారీలకెత్తి, ఓడల్లో పరదేశాలకు పంపి అందరూ బాగుపడుతున్న రోజులు. ఆ లారీలన్నీ బడి గేటు ముందునుంచే వెళతాయి. బ్లాగులో రోజుకో ఫోటో. గేటు, పిల్లలు, లారీ. కింద తేదీ, సమయం, లారీ నంబరు. వాళ్లు అడిగేది ఒక్కటే. బడి పెట్టే వేళ ఒక గంట, వదిలే వేళ ఒక గంట లారీలు ఆపండి. గనులు మూసెయ్యమని ఎక్కడా లేదు. గంటసేపు ఆగమంటున్నారు, అంతే.

'గోదావరి అక్క' అనే మారుపేరుతో నేను రోజూ కింద ఏదో ఒకటి రాసేదాన్ని. భేష్, శభాష్, మీలాంటి యువత కావాలి, ఇలాంటివి. ఇంట్లో కూర్చుని ధైర్యం చెప్పడం తేలిక. ఒకరోజు వాళ్ల నుంచి మెయిల్లో ఉత్తరం వచ్చింది. "అక్కా, వచ్చే బుధవారం జిల్లా ఆఫీసులో మా అర్జీ మీద మీటింగు పెడతాండారు. దానికి ముందు ఒకసారి రాండి. బయటోళ్లు ఒక్కరైనా కండ్లారా చూసినట్టుంటాది." శభాష్‌లు రాసీ రాసీ చివరికి ఇరుక్కున్నాను. హంపికి టిక్కెట్టు తీశానని చెప్పి బయల్దేరాను.

బళ్లారి, శుక్రవారం

బస్టాండులో నన్ను తీసుకెళ్లడానికి వచ్చిన అమ్మాయి ముఖం చుట్టూ చున్నీ కట్టుకుని ఉంది. ఊళ్లో సగంమంది అలాగే ఉన్నారు, దుమ్ముకి. చున్నీ దించి, "నేనే అక్కా, రూతు," అంది. ఇరవై మూడేళ్లుంటాయి. ఆ బడిలోనే తాత్కాలిక టీచరు. బ్లాగు రాసేది ఆమె. నమస్కారాలయ్యీ కాకముందే గొంతు తగ్గించి, "ఈడ ఎవురి ముందరా బ్లాగు మాట ఎత్తొద్దు. అడిగితే మా అమ్మకు దూరపు చుట్టమని చెప్పు," అంది. ఉత్తరంలో 'రాండి' అన్న పిల్ల ఎదురుపడగానే 'నువ్వు' అనేసింది. మా గోదావరి వైపు పసిపిల్లల్ని కూడా 'అండీ' అంటాం. ఇక్కడ బస్సు కండక్టరు నుంచి పాస్టరు దాకా అందరూ నన్ను నువ్వనే పిలిచారు. రెండు రోజులయ్యేసరికి అలవాటైపోయింది, పైగా హాయిగా కూడా ఉంది.

బస్టాండు ఎదురుగా ఒగ్గరణె తిన్నాం. మరమరాలు నానబెట్టి పిండి, పచ్చిమిరపకాయ, పసుపు, పుట్నాలపొడి వేసి తాలింపు పెడతారు. పక్కన వేడివేడి మిరపకాయ బజ్జీ. ప్లేటు ఎనిమిది రూపాయలు. ఆ బజ్జీలో కాయ మా ఊళ్లో ఆవకాయకు కూడా వాడరేమోనన్నంత ఘాటు. నేను కళ్లనీళ్లు తుడుచుకుంటూ ఉంటే పక్క బల్ల మీద తెల్లచొక్కా ఆయన, జేబులో రెండు సెల్‌ఫోన్లు, నవ్వుతూ అడిగాడు.

"యా ఊరమ్మా నీది?"

దూరపు చుట్టాన్నని చెప్తే సరిపోయేది. భయంలో నాకు నోరు ఆగదు. సామర్లకోటనీ, మా ఆయన ఎలక్ట్రికల్ షాపనీ, మా పెద్దాడు ఇంటర్ చదువుతున్నాడనీ గడగడా చెప్పేశాను. రూతు నా కాలు తొక్కింది. ఆయన పాపం మామూలుగా అడిగినట్టున్నాడు. "సరేమ్మా, బజ్జీలోకి మజ్జిగ తాగు," అని లేచి పోయాడు. నాకు మాత్రం ఇంటి అడ్రసు చేతిలో పెట్టినట్టు అనిపించింది.

లాడ్జిలన్నీ రాయి కొనేవాళ్లతో నిండిపోయాయట. మా వైపు నూటయాభైకిచ్చే గదికి ఇక్కడ ఏడువందలు. అందుకని రూతు ఇంట్లోనే దిగాను. పాత మిషను కాంపౌండులో పెంకుటిళ్ల వరస, రెండు గదులు, ముందు వేపచెట్టు. వాళ్లమ్మ సంతోషమ్మ ఒక ఆసుపత్రిలో ఆయా. భర్త పోయి చాలా ఏళ్లయింది. జొన్నరొట్టె చేత్తో తట్టి, గురెళ్లపొడి, నల్లనువ్వుల్లాంటి గింజల పొడి, వేసి పెట్టింది. కంప్లి బియ్యం కూడా వండింది, గోదావరి మనిషి రొట్టెతో ఉంటుందో ఉండదోనని. తింటున్నంతసేపూ నా ఎదురుగా కూర్చుని, "నువ్వైనా చెప్పు తల్లీ ఈ పాపకి. నాకుండేది ఇదొక్కతే," అంటూనే ఉంది.

సాయంత్రం ఖాజా నెట్ సెంటరుకు తీసుకెళ్లారు. ప్లైవుడ్ గదులు నాలుగు, గంటకు పదిహేను రూపాయలు. ఖాజా వీళ్ల ఈడువాడే, చదువు మానేసి ఈ సెంటరు పెట్టుకున్నాడు. అక్కడే వీరేశ్ ఉన్నాడు. ఫోటోలు తీసేది అతను. వాళ్లది బడి ఉన్న ఊళ్లోనే భూములున్న తెలుగు కుటుంబం. రాయికి రేటొచ్చాక మూడు లారీలు కొన్నారు. బ్లాగులోని ఫోటోల్లో రెండు వాళ్ల నాన్న లారీలవేనని తెలిసి నోరు తెరిచాను.

"మా నాయన బండ్లు వదిలేసి పక్కోళ్లవి పెట్టేకి మొగం యాడుంటాదక్కా?" అన్నాడు వీరేశ్.

ఖాజా లోపలి గదిలోకి తీసుకెళ్లి తలుపు వేసి, 'పెళ్లి వీడియోలు' అని పేరు పెట్టిన ఫోల్డరు తెరిచాడు. అందులో పెళ్లేమీ లేదు. ఒకే ఒక వీడియో. వీరేశ్ రోడ్డవతలి పంపుహౌసు కప్పు మీదనుంచి సెల్‌ఫోన్‌తో తీసింది. బడి గేటు. పిల్లలు రోడ్డు దాటుతున్నారు. ఆపకుండా వచ్చిన లారీ ముందు చక్రం మూడో తరగతి పిల్ల పాదం మీదుగా వెళ్లిపోయింది. ఆ పిల్ల పేరు గంగ. పిల్ల పడిపోవడం, లారీ ఆగకపోవడం, వెనక రేకు మీద నంబరు, అన్నీ ఉన్నాయి. ముప్పై నాలుగు సెకన్లు. శబ్దం కూడా ఉంది. అది వినకుండా ఉంటే బాగుండుననుకున్నాను.

"ఆఫీసు కాగితాల్లో ఏం రాసినారో తెలుసా?" అంది రూతు. "ఆడుకుంటాంటే కాలి మీద రాయి పడింది అని. ఆ పాపకు ఎవురూ ఏమీ ఇయ్యలే. లారీలూ ఆపలే. ఫోటోలు చూపిస్తే, ఇది ఏ రోడ్డో ఎవురికి తెలుసన్నారు. దీన్ని మాత్రం అట్లనేకి కాదు."

"మరి ఇంతవరకూ ఎందుకు పెట్టలేదు?"

"ముందే పెడితే మీటింగే పెట్టరు. మంగళవారం సాయంత్రం పెడతాము. పొద్దున్నే ఆఫీసులో అందరూ చూసుంటారు. కాగితం ఇస్తే ఫైల్లో పోతాది, ఇదెట్ల పోతాది?"

ఆ వీడియో చూసింది అప్పటికి వాళ్లు ముగ్గురూ, నేనూ. సంతోషమ్మ కూడా చూసిందట, ఆ ముందు రోజే. చూసి రాత్రంతా నిద్రపోలేదట.

బడి గేటు దగ్గర

శనివారం ఇక్కడ ఒంటిపూట బడి, ఎనిమిదింటికే. తెలివితక్కువతనం ఏమిటంటే నేను తెల్లచీర కట్టుకుని వెళ్లాను. బస్సు దిగిన పది నిమిషాలకే అది కాషాయానికి తిరిగింది. చెట్ల ఆకులు, ఇళ్ల గోడలు, పశువుల వీపులు, అంతా ఒకే ఎరుపు. పిల్లలు పలకలు తుడిచిన నీళ్లు కూడా ఎర్రగానే కారుతున్నాయి.

లారీలు ఒకదాని వెనక ఒకటి. పైన కప్పిన పట్టాలు సగం ఊడి కొట్టుకుంటున్నాయి. పిల్లల్ని రోడ్డు దాటించే పద్ధతి చూసి నా పై ప్రాణాలు పైనే పోయాయి. ఒక పొడుగు తాడుంది, దాన్ని పిల్లలంతా ఒక చేత్తో పట్టుకుంటారు. ముందు రూతు, చివర ఇంకో టీచరు. బడి ఆయా రోడ్డు మధ్యకు వెళ్లి ఆకుపచ్చ చీర ముక్క ఊపుతుంది. మొదట్లో ఎర్రజెండా ఊపేవారట. ఆ దుమ్ములో డ్రైవర్లకు ఎరుపు కనపడలేదు. చీర ముక్క చూసి ఒక లారీ ఆగింది, దాని వెనకది ఆగలేక పక్కకు కోసింది. తాడు చివర పట్టుకున్న పిల్ల చేతికి మూరెడు దూరంలో చక్రం. నేను గట్టిగా అరిచాను. పిల్లలెవరూ అరవలేదు. వాళ్లకిది రోజూ ఉండేదే.

గంగ మాత్రం తాడు పట్టుకోదు, రెండు చేతులా కర్రలుంటాయి కదా. ఆ పిల్లను రూతు ఎత్తుకుని దాటించింది. నా దగ్గరకొచ్చి గంగ చీర వంక చూసి, "నీది మట్టి చీరనా అక్కా?" అని అడిగింది. అవునన్నాను.

ఆ సాయంత్రం చీర మూడు నీళ్లు పిండాను. మూడు నీళ్లూ ఎర్రగానే వచ్చాయి. సంతోషమ్మ చూసి, "ఇడిసిపెట్టు, అది పోదు," అంది.

ఆదివారం ఆరాధన

నేను చర్చిలోకి వెళ్లడం అదే మొదలు. పాత రాతి కట్టడం, లోపల చల్లగా ఉంది. మగవాళ్లు ఒకవైపు, ఆడవాళ్లు ఒకవైపు. కీర్తనలు మా ఊరి భజనల బాణీలోనే ఉన్నాయి, మూడోది పాడేసరికి నేను కూడా తాళం వేస్తున్నాను.

తలుపు పక్కన ఒక రేకుపెట్టె ఉంది. మనసులో బాధ ఉన్నవాళ్లు చీటీ రాసి అందులో వేస్తారు. పేరు రాయనక్కర్లేదు. పాస్టరుగారు ఒక్కొక్క చీటీ విప్పి మైకులో చదువుతారు, అందరూ కళ్లు మూసుకుని దాని కోసం ప్రార్థిస్తారు. మనం దేవుడితో చెప్పుకునేది లోపల లోపల చెప్పుకుంటాం. ఇక్కడ నూరుమంది చేత చెప్పిస్తారు. ఎవరిదో తెలియని మోకాళ్ల నొప్పికి ఊరంతా తలవంచడం చూస్తే నాకెంతో బాగుందనిపించింది. ఒక చీటీలో మోకాళ్లు, ఒకదాంట్లో కొడుకు తాగుడు, ఒకదాంట్లో ఎండిపోయిన బోరు. తర్వాత పాస్టరుగారు నాలుగోది విప్పారు.

"నా కూతురు ఎర్రలారీల ఫోటోలు తీయించి కంప్యూటర్‌లో పెడతాండాది. వచ్చే మంగళవారం పెద్దది ఒకటి పెడతాదంట. ఆ బిడ్డకు ఏ కీడూ రాకుండా ప్రార్థన చేయండి."

చదవడం మొదలుపెట్టాక ఆయనకు ఆపడానికి వీల్లేకపోయింది. మధ్యలో గొంతు తగ్గింది, మైకు మాత్రం మంచి మైకు. నేను కళ్లు మూసుకోలేదు. రూతు కూడా మూసుకోలేదు. మా ముందు వరసల్లో ఒక తల, దాని పక్కన ఇంకో తల వెనక్కి తిరిగాయి. సంతోషమ్మ మాత్రం కళ్లు గట్టిగా మూసుకుని, పెదాలు కదుపుతూ, చెంపల మీద నీళ్లు కారుతూ ప్రార్థిస్తోంది. నాకు అప్పుడు అర్థమయింది.

ఆ మైకూ, ఫ్యాన్లూ ఇచ్చిన మనిషి మొదటి వరసలో ఉన్నాడు. పేరు దేవదానం, సంఘ పెద్ద. అతనివి చాలా లారీలు రాయికి తిరుగుతాయి. రూతుకు టీచరు ట్రైనింగులో సీటు ఇప్పించింది కూడా అతనేనట. అతను వెనక్కి తిరగలేదు. ఆరాధన అయ్యాక మెట్ల దగ్గర అందరికీ చేతులిచ్చి పలకరిస్తూ మా దగ్గరకొచ్చాడు.

"బాగుండావా రూతమ్మా? బడికి రోజూ బస్సులోనే పోతాండావా?"

"అవునయ్యా."

"ఆ రోడ్డు మంచిది కాదమ్మా. లారీలు శానా. జాగ్రత్తగా ఉండు." తర్వాత నా వైపు చూశాడు. "ఈమె ఎవురు?"

"మా చుట్టం," అంది సంతోషమ్మ.

నేను నమస్కారమండీ అన్నాను. అంతే అన్నాను. అతను కాసేపు నన్నే చూసి, "గోదావరి మాట మాదిరి ఉండాది," అని నవ్వి వెళ్లిపోయాడు. ఆ బ్లాగు కింద రోజూ శభాష్ రాసే 'గోదావరి అక్క' ఎవరో అతనికి తెలుసా, లేక ఊరికే అన్నాడా? ఇప్పటికీ నాకు తెలియదు.

ఇంట్లో ఆదివారం పలావు వండి ఉంది. ఎవరూ గిన్నె మూత తియ్యలేదు.

"పేరు రాయలేదు కదా పాపా," అంది సంతోషమ్మ. "నేను మనుషులకు చెప్పలే, దేవునికి చెప్పుకున్నా. ఇన్నేండ్లూ అన్నీ ఆ పెట్టెలోనే ఏసినా. మీ నాయన జబ్బు ఏసినా. నీ పరీక్షలు ఏసినా. ఒక్కటీ చెడలే."

రూతు తల్లిని ఒక్క మాట కూడా కసరలేదు. "మన సంఘంలో కంప్యూటర్ ముందర కూకునే ఆడపిల్ల ఎంతమంది ఉండారమ్మా?" అని మాత్రం అడిగింది. సంతోషమ్మ వేళ్లు మడవడం మొదలుపెట్టి, ఒక్క వేలు దగ్గరే ఆగిపోయింది.

సోమవారం ఎవరూ రాలేదు

సోమవారం ఎవరూ వచ్చి తలుపు కొట్టలేదు. ఎవరూ ఫోను చెయ్యలేదు. కాంపౌండు బయట మోటారుసైకిలు ఆగితే ముగ్గురం గోడకు జరిగాం. పాలవాడు. ఆ రోజంతా ఇదే వరస.

పదింటికి రూతూ నేనూ ఖాజా దగ్గరకు వెళ్లాం. షట్టరు సగం దించి ఉంది. మమ్మల్ని చూసి అతను లేచి నిలబడ్డాడు. "మాఫ్ చేయక్కా. పొద్దున్నే కంప్యూటర్లన్నీ సాఫ్ చేసినా. ఏమీ లేదు ఇంక."

"ఎవరైనా వచ్చి బెదిరించారా?" అన్నాను.

"లేదక్కా. ఎవురూ రాలే. వచ్చేలోపలే చేసినా."

అతను షట్టరు ఇంకాస్త కిందికి దించాడు. కొత్తగా పెళ్లయింది, సెంటరు మీదే ఇల్లు గడుస్తోంది. అతన్ని ఏమనగలం?

అక్కడినుంచే వీరేశ్‌కు ఫోను చేస్తే మోగలేదు. మధ్యాహ్నం అతనే వచ్చాడు. చర్చి సంగతి ఆదివారం సాయంత్రానికల్లా వాళ్ల ఊరు చేరిందట. వాళ్ల నాన్న ఏమీ అనలేదు. వాళ్లమ్మ మాత్రం ఇతను స్నానానికి వెళ్లినప్పుడు సెల్‌ఫోను తీసి నీళ్లు కాచే పొయ్యిలో పడేసింది. "తిట్టింటే బాగుండు," అన్నాడు వీరేశ్. "పొయ్యి ముందర కూకోని ఏడుస్తాండాది. నేనేమి చెప్పేది?"

ఇంక మిగిలింది ఒక్కటే. వీరేశ్ ముందే తీసిచ్చిన మెమరీ కార్డు, రూతు పౌడరు డబ్బాలో దాచింది. గోరంత ఉంటుంది. రూతు దగ్గరున్న పాత ఫోనులో దాన్ని పెట్టే చోటు కూడా లేదు. మిగతా నెట్ సెంటర్లలో గుర్తింపు కార్డు చూపించి, పుస్తకంలో పేరు రాస్తేనే కూర్చోనిస్తారు. రూతు పేరు ఇంక ఎక్కడా రాయడానికి లేదు.

రూతు నా వైపు చూసింది. నన్నేమీ అడగలేదు. అడిగే వరకూ ఉండనిస్తే నేను కాదనేదాన్నేమో. అందుకని నేనే తొందరపడి, "మంగళవారం నేను ఎలాగూ వెళుతున్నాను, ఆదోనిలో దిగి నెట్‌లో పెట్టేస్తాను, అక్కడ నన్నెవరు ఎరుగుదురు," అనేశాను. పాస్‌వర్డు నాలుగుసార్లు వల్లె వేయించింది. సంతోషమ్మ ఆ కార్డును తన రుమాలులో పెట్టి ముడివేసి, నా చేతిలో ఉంచి, రెండు చేతులతో నా చెయ్యి మూసింది.

మోక దాటాక

ఆదోని బస్సులో కిటికీ పక్క సీటు దొరికింది. రుమాలు కుడిచేతి గుప్పిట్లో ఉంది. సంచిలో సంతోషమ్మ కట్టిన ఓళిగలు, అంటే మన బొబ్బట్లే. దారిలో మోక అనే ఊళ్లో నలుగురైదుగురు ఎక్కారు. ఒకతను ఎక్కి నా వంక చూశాడనిపించింది. ఇంకొకతను సెల్‌ఫోనులో 'ఆఁ, బస్సులోనే' అన్నాడు. బస్సులో ఉన్నవాడు బస్సులోనే అంటాడు కదా. ఇంటికొచ్చాక నవ్వొస్తోంది గానీ, అప్పుడు మాత్రం సంచి ఒళ్లోకి లాక్కున్నాను.

మోక దాటి కొంతదూరం పోయాక రోడ్డు మీద జీపు అడ్డంగా ఉంది. బస్సు ఆగింది. మామూలు బట్టల్లో నలుగురు ఎక్కారు. ముందు సీటు నుంచి ఒక్కొక్కరి సంచీ విప్పించి చూడటం మొదలుపెట్టారు. అడుగున చెయ్యిపెట్టి వెతుకుతున్నారు. కండక్టరు టిక్కెట్లు లెక్కపెట్టుకుంటున్నాడు. నాకు మా పెద్దాడు కళ్లముందు కనిపించాడు. బస్టాండులో తెల్లచొక్కా ఆయనకు మా షాపు సంగతి కూడా చెప్పేశానే అనుకున్నాను. రెండు సీట్ల అవతల ఉన్నారు. ఒక సీటు అవతల ఉన్నారు.

కిటికీలోంచి చెయ్యి బయటపెట్టి గుప్పిట విప్పాను. రుమాలు కంపచెట్లలో పడింది.

"సంచిలో ఏముండాదమ్మా?" అన్నాడు అతను. ఓళిగల పొట్లం బయటకు తీసి, వాసన చూసి, మళ్లీ లోపల పెట్టాడు. "మందు ప్యాకెట్లు ఏమన్నా ఉండాయా?"

లేవన్నట్టు తలూపాను. వెనక సీటుకు వెళ్లిపోయాడు. పక్కన కూర్చున్నావిడ నా ముఖం చూసి, "యాల అట్ల చెమట్లు పోస్తాండాయి? కర్ణాటక మందు అగ్గువ కదా, ఆంధ్రాకు దాటిస్తారని సూస్తారు. వారానికోసారి ఇదే," అంది.

ఇంతవరకూ జరిగింది భయం. భయపడ్డవాళ్లను నేను క్షమించగలను, ఖాజానూ వీరేశ్ తల్లినీ క్షమించినట్టే. ఆ తర్వాత జరిగిందే చెప్పడానికి సిగ్గుగా ఉంది. జీపు పక్కకు తీశారు. డ్రైవరు గేరు వేశాడు. బస్సు ఆపండి, నా రుమాలు పడిపోయింది అనడానికి ఎంతసేపు? దిగితే ఆ నలుగురి ఎదురుగా కంపల్లో వెతకాలి, రుమాలు విప్పి చూపించమంటే చూపించాలి. నోరు రాలేదు. బస్సు కదిలింది, రెండో గేరు పడింది, ఆ కంపచెట్లు వెనక్కి పోయాయి. నేను వెనక్కి తిరిగి కూడా చూడలేదు.

ఆదోనిలో రూపాయి ఫోను నుంచి చేశాను. పారేశానని చెప్పాను. ఎవరికి భయపడి పారేశానో కూడా చెప్పాను. లైను పోయిందనుకుని ఇంకో రూపాయి వేశాను.

"భోజనం చేసి బస్సెక్కు అక్కా," అంది రూతు. "ఒట్టి కడుపుతో పోవద్దు."

తిట్టింటే బాగుండునని వీరేశ్ ఎందుకన్నాడో అప్పుడు తెలిసింది.

ఇంటి దగ్గర

బుధవారం రూతు వట్టి చేతులతో మీటింగుకు వెళ్లింది. ఈ సంగతి శుక్రవారం లైబ్రరీలో బ్లాగు తెరిస్తే తెలిసింది. ఆ రోజు అందులో లారీ ఫోటో లేదు. రూతు ఫోటో ఉంది, ముఖానికి చున్నీ లేకుండా. కింద తన పేరు, బడి పేరు. ఇంతకాలం దాచినవన్నీ.

"మా దగ్గర వీడియో ఉండె. ఇప్పుడు లేదు. ఆఫీసులో ఆ మాటే చెప్పినా. వీడియో లేకుంటే చూసినోళ్లన్నా ఉండారా, ఉంటే పేరు, ఊరు రాసి పదిరోజుల్లోపల ఇయ్యమన్నారు. గంగ కాలు మీద లారీ పోయింది నేను చూసినా. చూసినోళ్లు కింద రాయండి. రాయకుంటే నేనేమీ అనుకోను."

కింద రెండు పేర్లున్నాయి. మొదటిది సంతోషమ్మది, ఎవరిచేతో టైపు చేయించింది. ఇంటి నంబరు కూడా రాయించింది. రెండోది వీరేశ్‌ది. తాను ఏ కప్పు మీద నిలబడ్డాడో, ఆ రోజు తన తండ్రి లారీలు ఎన్ని గంటలకు ఆ దారిన వెళ్లాయో కూడా రాశాడు. ఆ వీడియో చూసినవాళ్లం ప్రపంచం మొత్తం మీద ఐదుగురం.

నేను అలవాటుగా 'గోదావరి అక్క' అని కొట్టి, చెరిపేశాను. సాయంత్రం దాకా అలాగే కూర్చున్నాను. పేపరు చదివే పెద్దాయన ఒకరు, కరెంటు పోయిందా అమ్మా, కదలడం లేదు అని అడిగారు. దేవదానం నవ్వు గుర్తొచ్చింది. మా ఆయన షాపు గుర్తొచ్చింది. ఏ ఆఫీసులోనో నా పేరున్న కాగితం మీద ఎవరి వేలో ఆగడం ఊహించుకున్నాను. ఆ భయం ఈ నిమిషం దాకా తగ్గలేదు, తగ్గిందని రాస్తే అది కూడా హంపి అబద్ధమే అవుతుంది.

లైబ్రరీ మూసేముందు రాశాను. నా పేరు సుభద్ర. ఊరు, ఉద్యోగం రాశాను. ముప్పై నాలుగు సెకన్ల వీడియో నేను చూశాననీ, అందులో చక్రం ఆ పిల్ల పాదం మీదుగా వెళ్లిందనీ, లారీ ఆగలేదనీ రాశాను. దాని చివరి కాపీ నా చేతిలో ఉండగా మోక దాటాక నేనే కిటికీలోంచి పారేశాననీ, నన్నెవరూ బెదిరించలేదనీ కూడా రాశాను.

పదిరోజుల గడువులో ఇంకా రెండు రోజులున్నాయి. రాయమని ఖాజాను ఎవరూ అడగలేదు, నేనూ అడగను. పొద్దున్నే లైబ్రరీ తాళం తీసి ముందు ఆ పేజీ చూస్తున్నాను. ఇవాళ్టికి రూతుతో కలిపి నాలుగు పేర్లే ఉన్నాయి.